ఆగమంటే ఆగే మోటారు

అటకమీద ట్రంకుపెట్టె ఉన్నవారు ఒకసారి దాన్ని దించి మూత చూడండి. అంచుకు కాస్త లోపలగా చుట్టూ ఉబ్బెత్తుగా ఒక గీత ఉంటుంది. పక్కరేకులకు కూడా రెండేసి ఉంటాయి. అదంతా అందంకోసం వేసిందని చాలామంది అనుకుంటారు. కాపరానికి వెళ్ళే పిల్లతో పంపే పెట్టె కదా, ఆపాటి సింగారమైనా ఉండొద్దూ అని. సింగారం మాట ఎలా ఉన్నా, ఆ గీత లేకపోతే మూతమీద పిల్లవాడు ఎక్కి కూచున్న రోజే మూత సొట్టపడి ఊరుకుంటుంది.

రేకు సంగతీ కాగితం సంగతీ ఒకటే. ఒక శుభలేఖ అట్ట తీసుకుని రెండు పుస్తకాలమధ్య వంతెనలా పెట్టి నడుమ రూపాయి బిళ్ళలు పేర్చండి. రెండు మూడింటికే నడుం వంచేస్తుంది. అదే అట్టను పొడుగునా విసనకర్ర మడతలు పెట్టి మళ్ళీ వంతెన వెయ్యండి. గుప్పెడు బిళ్ళలు మోస్తుంది. అట్ట మందం ఏమీ పెరగలేదు. ఉన్నదే కాస్త పైకీ కాస్త కిందికీ సర్దుకుని నిలబడింది. 1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ముడతల ఇనపరేకుకు పేటెంటు పుచ్చుకున్నది ఈ కిటుకు మీదనే. చదును రేకు మందం రెండింతలు చేస్తే బిగువు ఎనిమిదింతలు అవుతుంది, నిజమే. కాని బరువూ ధరా కూడా రెండింతలవుతాయి. గీత వేసుకుంటే ఆ ఖర్చు లేదు.

ఈ గీత వేసేదాన్ని బీడింగు మిషను అంటారు. చెరకురసం బండి చూశారు గదా, దానికి చిన్న చెల్లెలనుకోండి. ఒకదానిమీద ఒకటి రెండు ఇరుసులు, వాటిని కలుపుతూ వెనకాల రెండు పళ్ళచక్రాలు, ముందువైపు రెండు రోలర్లు. పై రోలరుకు నడుమ ఉబ్బు ఉంటుంది. కిందిదానికి ఆ ఉబ్బు పట్టేటంత గాడి ఉంటుంది. రేకు అంచును మధ్యకు తోసి, పైన మర బిగించి, పిడి పట్టుకు తిప్పితే రేకు గీత పడుతూ ముందుకు నడుస్తుంది. ఒక్క విడతలో లోతుగా తీద్దామని మర బిగించేస్తే రేకు మెలిపడిపోతుంది, లేదా చిరుగుతుంది. రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా దించాలి.

చిక్కల్లా ఏమిటంటే, దీనికి మూడు చేతులు కావాలి. రేకును తిన్నగా నడపడానికి రెండూ, పిడి తిప్పడానికి ఒకటీ. దేవుడు రెండే ఇచ్చాడు కనక ఈ పని ఎప్పుడూ ఇద్దరు చేస్తారు. మా వీధి చివర ఇంటి వసారాలోనే ట్రంకులు చేసే ఆయన ఉన్నాడు. రేకు పట్టేది ఆయన, పిడి తిప్పేది ఆయన భార్య. ఇరవై ఏళ్ళుగా తిప్పుతోంది. ఇప్పుడు కుడిభుజం పైకి లేవడం లేదు. డాక్టరు ఆ చేత్తో బరువుపని మానమన్నాడు. మానితే పెట్టెలు ఆగుతాయి, పెట్టెలు ఆగితే పొరుగూళ్ళో చదువుకుంటున్న అబ్బాయి ఫీజు ఆగుతుంది.

నేను పాలిటెక్నిక్కులో మోటార్ల పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని ఒక సాయంకాలం ఆయన వచ్చాడు.

"మాస్టారూ, హోటలువారు గ్రైండరు మార్చారండి. పాత మోటారు చవగ్గా ఇచ్చారు. ఒక హార్సుపవరంట. మా మిషనుకి తగిలించేస్తే సరిపోద్దాండి?"

మనలో చాలామందికి ఇదే అభిప్రాయం. చెయ్యి తీసేసి ఆ చోట మోటారు పెడితే సరి అని. కాని రుబ్బురోలు చూడండి. చేత్తో రుబ్బినన్నాళ్ళూ రోలు కదల్లేదు, పొత్రమే తిరిగింది. గ్రైండరు వచ్చాక రోలు తిరుగుతోంది, పొత్రం నిలబడింది. కరెంటు వంటింట్లోకి రావడానికి పనే తిరగబడవలసివచ్చింది!

ముందు వేగం లెక్క చూద్దాం. ఆ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. రోలరు అడ్డుకొలత ఆరు సెంటీమీటర్లు, అంటే ఒక్క చుట్టుకు రేకు దాదాపు 19 సెంటీమీటర్లు నడుస్తుంది. మోటారును నేరుగా తగిలిస్తే రేకు సెకనుకు నాలుగున్నర మీటర్లు దూసుకుపోతుంది. అది పెట్టె చెయ్యడం కాదు, కత్తి విసరడం. నిమిషానికి పది చుట్లు చాలు. అందుకని 50కి ఒకటి తగ్గించే వర్ముగేరు పెట్టె ఒకటి పాత సామాన్లలో చూసి తెచ్చాం. దాని తరవాత గొలుసు కట్టి 13 పళ్ళ చక్రంనుంచి 36 పళ్ళ చక్రానికి ఎక్కించాం. చివరకు రోలరు దగ్గర పది చుట్ల పైచిలుకు తేలింది. రేకు సెకనుకు మూడు సెంటీమీటర్లు నడుస్తుంది. అది చెయ్యి పట్టుకు నడిపించగలిగిన నడక.

వేగం తగ్గించడానికి ఇంత తంటా ఎందుకు, ఫ్యాను రెగ్యులేటరు పెడితే పోలా అని మా పక్కింటాయన సలహా. ఈ సలహా ఊరంతా ఉంది కనక చెబుతున్నాను. ఫ్యాను మెల్లగా తిరిగితే దానిమీద గాలి బరువు కూడా తగ్గుతుంది కాబట్టి అది మాట వింటుంది. రేకు బరువు అలా తగ్గదు. ఈ జాతి మోటారు వేగం కరెంటు ఊగే లెక్కకు, అంటే మన 50 సైకిళ్ళకు కట్టుబడి ఉంటుంది. రెగ్యులేటరుతో గొంతు నొక్కితే మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు చుట్ట కాలిన వాసన వేస్తుంది. వేగం మార్చుకునే సరదా ఉన్నవారు మూడు ఫేజుల మోటారు పెట్టి, దానికి వేరే డ్రైవు కొనుక్కోవాలి.

ఇక బలం. వేగం తగ్గితే బలం పోదు, పేరుకుంటుంది. వర్ముగేరు తన రాపిడికింద కొంత తినేసినా, ఒక హార్సుపవరు మోటారు మా ఏర్పాటులో అడుగు పొడవు పిడికి 140 కిలోల బరువు వేలాడదీసినంత పని చేస్తుంది. ఆమె ఇన్నాళ్ళూ తిప్పినది పది పదిహేను కిలోల బలంతో! 22 గేజి రేకు, అంటే 0.7 మిల్లీమీటరు మందం, దానికి అంతకుమించి అక్కరలేదు. (గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పలచన అవుతుంది. ఈ తిరకాసు పెట్టినవాడెవడో గాని నా విద్యార్థుల మార్కులు చాలా తిన్నాడు.) హోటలు మోటారు తిరిగి అమ్మించి, పావు హార్సుపవరుది కొనిపించాను. ఆయనకు ఆ బేరం నచ్చలేదు. పెద్దది ఉండగా చిన్నది కొనడమేమిటని వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు. మోటారుకూ గేరుపెట్టెకూ మధ్య బెల్టు వేసి కావాలనే కాస్త వదులుగా ఉంచాం. ఏదైనా ఇరుక్కుంటే బెల్టు జారాలి గాని ఇరుసు విరగకూడదు.

అంతా బిగించాక ఆవిడ వచ్చి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లిగా అడిగింది.

"బాబుగారూ, ఈయన ఆగమంటే నేను ఆగేదాన్నండి. ఒకోసారి అనకముందే ఆగేదాన్ని, మొహం చూసి. ఇదెవరి మొహం చూస్తదండీ?"

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను గాని ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆమె ఇన్నాళ్ళూ పిడి మాత్రమే తిప్పలేదు. బ్రేకు కూడా ఆమే. రోలర్లు రెండూ లోపలికి తిరుగుతాయి. రేకును లాక్కున్నట్టే వేలినీ లాక్కుంటాయి. పిడి అయితే వెంటనే వెనక్కు తిప్పవచ్చు. వర్ముగేరును అవతలివైపు నుంచి తిప్పితే తిరగదు. ఇరుక్కున్న వేలు లాగినా రాదు.

అప్పుడు అసలు పని మొదలైంది. కాలితో నొక్కినంతసేపే నడిచి, తీయగానే ఆగే పెడలు పెట్టాం. ఒకసారి నొక్కితే నడిచి, ఇంకోసారి నొక్కితే ఆగే రకం కూడా బజారులో ఉంది. దాన్ని ఈ పనికి ముట్టుకోకండి. వేలు నలుగుతున్నవాడికి ఇంకోసారి నొక్కే తెలివి ఉండదు. పిల్లి దూకినా రేకుముక్క పడినా నొక్కుకుపోకుండా పెడలుకు పైకప్పు వేశాం. రోలర్లముందు సన్నని చీలికగల పలక బిగించాం. రేకు దూరుతుంది, వేలు దూరదు. కాలు తీశాక ఎంతదూరం నడుస్తుందో కొలిస్తే రెండు వేళ్ళ వెడల్పు తేలింది, అందుకని పలక లేనిదే మిషను నడపవద్దని గట్టిగా చెప్పాను. మోకాలికి తగిలేచోట ఎర్రబొత్తం ఒకటి, వెనక్కు తిప్పే స్విచ్చి ఒకటి. మోటారు పూర్తిగా ఆగాకే ఆ స్విచ్చి పనిచేస్తుంది. తిరుగుతుండగా మారిస్తే లక్ష్యపెట్టక అటే తిరుగుతుంది. ఇనపచట్రానికి ఎర్తు తీగ, గోడదగ్గర 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగే బ్రేకరు. చేతితొడుగులు వద్దన్నాను, కొస పట్టుబడితే చేతిని కూడా తీసుకుపోతాయి.

పెడలు ఎవరి కాలికింద ఉండాలన్నదానిమీద వాళ్ళింట్లో రెండు రోజులు వాదన నడిచింది. వేళ్ళు ఎవరివో కాలూ వారిదే ఉండాలని నేను. కాదు, ఇన్నేళ్ళూ ఆపింది తానే కనక తన కాలికిందే ఉండాలని ఆమె. చివరకు రెండు పెడళ్ళు వరసగా కలిపాను. ఇద్దరూ నొక్కితేనే మోటారు నడుస్తుంది, ఏ ఒక్కరు కాలు తీసినా ఆగుతుంది. అలా చేస్తే ఆమెకు విశ్రాంతి ఎక్కడిదని ఆయన సణిగాడు. భుజానికి విశ్రాంతే గదా అందామె.

పదిరోజులు ఆయన ఎదుట నిలబడి ముఖం చూస్తూ నొక్కింది. పదకొండోరోజున తన పెడలు ఊడదీసి, ఆ చోట నేనిచ్చిన బిళ్ళప్లగ్గు పెట్టి, పెడలును మేకుకు తగిలించింది. ఇప్పుడు వసారా అవతలి కొసన కూచుని ఎడంచేత్తో కొండీలకు రంగు వేస్తోంది. అబ్బాయి సెలవులకు వచ్చి మిషను దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం రెండో పెడలు మేకుమీంచి దిగుతుంది. దానిమీద కాలు ఆమెదే.