ఆయన్నే రమ్మనొచ్చుగా?

ఈ మాట అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. మా పిన్ని అంది, మావయ్య అన్నాడు, ఎదురింటి మామ్మగారు అన్నారు, స్కూల్లో తోటి టీచర్లు కూడా అన్నారట. అందరూ ప్రేమగానే అన్నారు. నా పేచీ ఆ ప్రేమతోనే.

సంగతేమిటంటే, మా పిన్ని కూతురికి ముప్ఫై నాలుగేళ్లు. మూడో ఏట పోలియో వచ్చింది. చదువుకునే రోజుల్లో కాలిపర్లు వేసుకుని నడిచేది. భుజాల నొప్పులు మొదలయ్యాక వీల్‌చైర్‌కి మారింది. రాజమండ్రి దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచరు. రెండేళ్ల కిందట పెళ్లయింది. మా మరిది హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఉంటాడు, ప్రైవేటు ఉద్యోగం. ఈవిడ ఉద్యోగం ఆ రాష్ట్రానికి బదిలీ కాదు, ఆయన ఉద్యోగం ఈ ఊళ్లో దొరకదు. ఇలాంటి కాపురాలు మన ఇళ్లల్లో కొత్తేమీ కాదు, నెలకో రెండు నెలలకో ఒకళ్లు బయల్దేరి వెళ్తుంటారు. తేడా ఏమిటంటే, ఈ కాపురంలో ఎప్పుడూ ఒక్కళ్లే బయల్దేరేవారు.

పోయినేడు సంక్రాంతికి కొత్తల్లుడి హోదాలో ఆయనే వచ్చాడు. ఈసారి ఆయనకి పండగ ఒక్కరోజే సెలవు. చెల్లికేమో స్కూలు సెలవులు బోలెడు. "నేను వెళ్తాను" అంది. దాంతో ఇంట్లో మొదలైంది: ఎందుకమ్మా ఆ అవస్థ, ఒక్కరోజైనా సరే ఆయన్నే రమ్మనొచ్చుగా, అక్కడ మెట్లుంటాయో ఏముంటాయో.

నన్ను తోడు రమ్మని అడిగినప్పుడు నేనూ అడిగాను, రోజూ వీడియోలో మాట్లాడుకుంటూనే ఉన్నారుగా, అంత పట్టుదలెందుకే అని. "ఆయన ఎక్కడ కూర్చుని అన్నం తింటాడో నాకు తెలీదక్కా" అంది. "ఫోనులో గోడ కనపడుతుంది, ఆయన మొహం కనపడుతుంది. కంచం ఎక్కడ పెట్టుకుంటాడు, తలుపు తీస్తే ఎవరిల్లు కనపడుతుంది, ఇవేవీ తెలీవు. పెళ్లయి రెండేళ్లయినా నేనింకా చుట్టం రాక కోసం చూస్తున్నట్టే ఉంది."

దీనికి ఏం జవాబు చెబుతాం? మనమందరం పెళ్లయిన కొత్తలో ఆయన గదికి వెళ్లి, ఆ దుమ్మూ ఆ మాసిన దిండు గలీబులూ చూసి తిట్టుకుంటూ సర్దినవాళ్లమే. అది పనే, కాదనను. కానీ అది మన హక్కు కూడా. వెళ్లి చూసే హక్కు, నచ్చకపోతే మొహం ముడుచుకునే హక్కు. ఎప్పుడూ ఇంట్లో కూర్చోబెట్టి "నీకు శ్రమ ఎందుకు" అంటుంటే ఆ మనిషికి శ్రమ ఒక్కటే తప్పదు, కాపురం కూడా తప్పిపోతుంది.

సరే, ప్రయాణం. సంక్రాంతికి హైదరాబాదంతా ఆంధ్రాకి బయల్దేరుతుంది కదా, మేము ఎదురు వెళ్తున్నాం కాబట్టి టికెట్లు సుళువుగానే దొరికాయి. (భోగికి తిరిగి రావడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ. బస్సుకి పోసిన డబ్బులు మా వారికి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.) మామూలు రైళ్లలో స్లీపరుకీ థర్డ్ ఏసీకీ తోడు లేనిదే ప్రయాణం చేయలేనివాళ్లకి నూటికి 75 వంతులు రాయితీ ఉంటుంది, తోడు వెళ్లేవాళ్లకీ అంతే. నేను ఆ సంగతి గుర్తు చేస్తే "రాయితీ కన్నా బాత్రూము ముఖ్యం అక్కా" అని వందే భారత్‌కి చేయించింది. దాని చివరి పెట్టెల్లో వీల్‌చైర్‌కి చోటూ, వీల్‌చైర్‌తో వెళ్లగలిగే బాత్రూమూ ఉంటాయి.

ఈ బాత్రూము గొడవ ఆడవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. మనమే బస్సు ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించేస్తాం. చెల్లి స్కూలున్న ప్రతిరోజూ అదే పని చేస్తుంది. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు లెక్క వేసుకునేది దూరం కాదు, ఎన్ని గంటలు ఆపుకోవాలో. మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చి రెండుసార్లు సెలైన్ ఎక్కించుకుంది. ఆ రోజు రైల్లో టీ తాగింది. మళ్లీ ఇంకో టీ తాగింది. తనతో ఇన్నిసార్లు ప్రయాణం చేశాను గానీ, దారిలో టీ తాగగా చూడడం అదే మొదలు.

స్టేషన్లో ఇద్దరు ముగ్గురు "అయ్యో పాపం" అనకపోలేదు. నాకొకటి నవ్వొస్తుంది. మనవాళ్లు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేటప్పుడు లక్షణంగా నడవగలిగినవాళ్లు కూడా ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అడిగి మరీ కూర్చుంటారు, దారి తెలీదనీ ఇంగ్లీషు రాదనీ. అప్పుడది సౌకర్యం. అదే కుర్చీలో ఒక టీచరమ్మ కూర్చుని మొగుడి దగ్గరికి వెళ్తుంటే మాత్రం పాపం.

మరిది ముందే చెప్పాడు, అపార్టుమెంటుకి లిఫ్టు ఉందని. నిజమే, ఉంది. కాకపోతే లిఫ్టు దగ్గరికి వెళ్లడానికి మూడు మెట్లు ఉన్నాయి. రోజూ ఎక్కి దిగే మనిషికి ఆ మూడు మెట్లు మెట్లుగా గుర్తుండవు. ఆయన కూడా నెల కిందటే, చెల్లి "టేపు పెట్టి అన్నీ కొలిచి పంపండి" అన్నాక చూశాడట. ఒక్కో మెట్టు 6 అంగుళాలు, వెరసి అడుగున్నర. చెక్క పలక వేస్తే సరిపోదా అనుకున్నాను నేను. సరిపోదట. అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు ఉండాలన్నది వాలుదారికి పెట్టుకున్న లెక్క. అంటే ఆ అడుగున్నరకి 18 అడుగుల వాలు కావాలి. అంతకన్నా నిటారుగా పెడితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అసోసియేషన్‌ని అడిగితే, ఒక కారు పార్కింగు పోతుందన్నారు. "మీ మిసెస్ ఉండేది పది రోజులేగా, మేమందరం ఉన్నాంగా ఎత్తడానికి" అన్నారట.

ఉన్నారు కూడా. వాచ్‌మన్, కింద కర్రీ పాయింటు అబ్బాయి, మరిది, ముగ్గురూ కలిసి కుర్చీతో సహా ఎత్తారు. మంచి మనుషులే. కానీ పరాయి మగవాళ్లు ఇద్దరు రోజుకి రెండుసార్లు మనల్ని ఎత్తి దించుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. చెల్లి పెట్టెలో నాలుగు పట్టు చీరలు తెచ్చుకుంది. బయటికి వెళ్లిన ప్రతిసారీ చుడీదారే వేసుకుంది. ఎందుకో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

గదిలో స్టవ్వు గట్టు మీద ఉంటుంది కదా, చెల్లికి అందదు. మరిది గ్యాసు గొట్టం పొడుగుది తెప్పించి స్టవ్వు కింద పెట్టించాడు. కింద కూర్చుని చక్కగా వండింది. మన అమ్మమ్మలందరూ అలాగే కదా వండింది! నిలబడి వండే గట్టు నిన్నగాక మొన్న వచ్చింది, వచ్చీరాగానే అదే లోకరీతి అయిపోయింది. బాత్రూము తలుపు మాత్రం ఏమీ చేయలేకపోయారు. కుర్చీ వెడల్పు 25 అంగుళాలు, తలుపు 24. ఒక్క అంగుళం. ఆ అంగుళం వల్ల పది రోజులూ గుమ్మం దగ్గర కుర్చీ దిగి, నేల మీద జరుగుతూ వెళ్లింది. ఇల్లు కట్టినవాడికి ఆ అంగుళం ఖర్చెంత?

ఊరు కూడా చూశారు, నేను ఉన్న నాలుగు రోజులూ కొంత కళ్లారా చూశాను, తర్వాతిది ఫోనులో విన్నాను. మెట్రో గురించి మంచిమాటే చెప్పాలి. 2017 నవంబరులో మొదలైంది కాబట్టి ఈ కాలపు ఆలోచనతో కట్టారు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి, రైల్లో వీల్‌చైర్‌కి చోటుంది. కేపీహెచ్‌బీలో ఎక్కి గాంధీభవన్‌లో దిగారు, మధ్యలో రైలు మారే పని లేదు. అక్కడి నుంచి నుమాయిష్. 1938 నుంచి జరుగుతున్న ఆ ఎగ్జిబిషన్ గురించి చిన్నప్పటి నుంచి వింటోంది. సందడి తక్కువగా ఉండే వేళ చూసుకుని వెళ్లి, మూడు చేతిసంచులూ ఒక ఇత్తడి దీపమూ కొనుక్కుంది. ఆ రోజు కష్టమంతా గది నుంచి మెట్రో స్టేషను దాకా ఉన్న ఆ కాస్త దూరమే. ఫుట్‌పాత్ ఉంది, దాని మీద కరెంటు స్తంభం ఉంది, ఆ పక్కన బైకులు, ఆ పైన మిర్చి బజ్జీల బండి. కుర్చీ రోడ్డు మీదే వెళ్లాలి, వెనకనుంచి బస్సులు హారన్లు కొడుతుంటే.

క్యాబులైతే ఇంకో తమాషా. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టుకోవచ్చు కదా అనుకుంటాం. సగం కార్లకి గ్యాసు సిలిండరు ఉండేది డిక్కీలోనే! కుర్చీ చూడగానే ఇద్దరు డ్రైవర్లు అలాగే వెళ్లిపోయారు. మూడో అతను దిగి, ముందు సీటు వెనక్కి వాల్చి కుర్చీ అందులో ఇరికించి, చార్మినారు దాకా పాత పాటలు పెట్టుకుని తీసుకెళ్లాడు. చార్మినారు పైకి 149 మెట్లు. అక్కడొకాయన జాలిగా "పైకి వెళ్లలేరు కదమ్మా" అన్నాడట. "నేను ఎక్కడానికి రాలేదండీ, గాజులకి వచ్చాను" అందట మా చెల్లి. లాడ్ బజారులో రెండు గంటలు బేరం చేసింది. బేరంలో మాత్రం దానికి ఏ లోపమూ లేదు, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

ఒక హోటల్లో సర్వరు మరిదిని అడిగాడు, "మేడమ్ ఏం తింటారు సార్?" అని. ఒక సినిమా హాల్లో వీల్‌చైర్‌కి చోటుంది గానీ తెర ముందే, మెడ పైకెత్తి మూడు గంటలు చూడాలి, పైగా భర్తకి సీటు వేరే వరసలో. పండగ సినిమాకి ఇద్దరూ కలిసి వెళ్లి విడివిడిగా కూర్చున్నారు. పక్క ఫ్లాటావిడ పండగనాడు అరిసెలు పట్టుకొచ్చి "దేవుడిలాంటి భర్త దొరికాడమ్మా నీకు" అందట. ఆయన మంచివాడే. అయితే మీకో రహస్యం చెప్తాను, జీతం చెల్లిదే ఎక్కువ. ఆయన దేవుడైతే ఈవిడ ఏమిటో కూడా ఆ నోటితోనే చెప్పాలి కదా. ఇలా భర్తని ఆకాశానికెత్తినప్పుడల్లా భార్య ఇంకాస్త బరువైపోతుంది, అది ఎవరికీ తోచదు.

చట్టాలు లేక కాదు ఇదంతా. 1995లో ఒకటి వచ్చింది, దాని బదులు 2016లో ఇంకా పెద్దది వచ్చింది. పాతదాంట్లో 7 రకాల వైకల్యాలు చెబితే కొత్తదాంట్లో 21. 2015 డిసెంబరులో సుగమ్య భారత్ అని మొదలుపెట్టారు. రోడ్లూ భవనాలూ అందరూ వాడుకునేలా ఉండాలని చూపులేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఈ నిబంధనలు వట్టి సలహాల్లా ఉన్నాయి, తప్పనిసరి చెయ్యండని కోర్టు 2024 నవంబరులో చెప్పింది. 19 ఏళ్లు! 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో ఇలాంటివాళ్లు 2.68 కోట్ల మంది. ఈలోగా పేర్లు మాత్రం మారుస్తూ వచ్చారు. వికలాంగులన్నారు, దివ్యాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు. నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని, మంచి మాట అంటే నాకూ ఇష్టమే. కానీ మూడు మెట్ల ముందు ఆ మూడు మాటలూ ఒకటే.

చట్టం సంగతి పెద్దలు చూస్తారు. మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. అపార్టుమెంటు మీటింగులకి మగవాళ్లని పంపి మనం ఊరుకుంటాం. ర్యాంపు సంగతి వచ్చినప్పుడు "మనలో ఎవరికి కావాలి" అనే మాటకి జవాబివ్వాల్సింది మనమే, ఎందుకంటే రేపు మోకాళ్లు అరిగిన అత్తగార్నీ, తుంటి ఎముక విరిగిన అమ్మనీ ఆ మెట్ల మీద ఎత్తి దించేది మన ఇళ్లే. అది చుట్టాలకి చేసే ఉపకారం కాదు. ఇల్లు కట్టేటప్పుడు దేవుడి గదికి వాస్తు చూసినంత శ్రద్ధ బాత్రూము తలుపు మీద చూపిస్తే చాలు.

మా పిన్ని మాత్రం పది రోజులూ రోజుకి మూడుసార్లు ఫోను చేసింది. చెల్లి రాజమండ్రిలో దిగాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "అల్లుడు సరిగ్గా తింటున్నాడా?" అని. "స్టూలు మీద కంచం పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని తింటాడు. ఎదురుగా ఎవరిదో తులసికోట కనపడుతుంది" అని చెప్పింది మా చెల్లి, కూతురు కాపురం చూసొచ్చిన తల్లిలాగా.

మా ఇంట్లో ఇప్పుడు వెనక బాత్రూము రిపేరు నడుస్తోంది. తలుపు 32 అంగుళాలు పెట్టమనీ, గడప తీసేయమనీ చెప్పాను. నీళ్లు బయటికి వస్తాయని మేస్త్రీ ఒప్పుకోలేదు, వాలు లోపలికి ఇవ్వమని నేను పట్టుబట్టాను. "మీ ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదమ్మా, ఎవరి కోసం?" అన్నాడు.

"వేసవి సెలవులకి చెల్లీ మరిదీ వస్తున్నారు, వారం ఉంటారు" అన్నాను.