హోటల్ గది కొంటే అద్దె వస్తుందా?

ఇల్లు కొని అద్దెకివ్వడం మనకు తెలిసిన విద్యే. ఇప్పుడు మరో రకం ప్రకటన కనబడుతోంది. ‘బొటిక్ హోటల్లో గది కొనండి, నెలనెలా నిశ్చింతగా ఆదాయం పొందండి’ అని! బొటిక్ హోటల్ అంటే కొద్దిపాటి గదులతో, తనదంటూ ఒక అందంతో నడిచే చిన్న హోటల్. పాత కోటలు, పాత బంగళాలు కూడా ఇలా మారుతున్నాయి. మీవారి రిటైర్మెంటు డబ్బు అందులో పెడితే ఎలా ఉంటుందని మీరూ ఆలోచిస్తున్నారా? అయితే ఒక్క మాట.

ఇంటికి ఒకసారి అద్దెకు దిగినవాళ్లు కొన్నేళ్లపాటు ఉంటారు. హోటల్ గదికి ప్రతి రాత్రీ కొత్తగా మనిషి రావాలి. కాబట్టి అది అద్దె కాదు, వ్యాపారం.

కాగితం, పెన్సిలు తీసుకోండి. గది ఖరీదు 40 లక్షలు, నెలకు 30,000 గ్యారంటీ అన్నారనుకుందాం. గదికి రోజుకు 4,000 చొప్పున నెలలో 15 రోజులు నిండితే వచ్చేది 60,000. జీతాలు, కరెంటు, దుప్పట్ల ఉతుకు, బుకింగ్ కమీషన్, మరమ్మతులు పోను సగం మిగిలిందనుకున్నా సరిగ్గా 30,000. మరి నడిపేవాళ్లకేం మిగిలింది? సీజన్ లేక 6 రోజులే నిండితే మొత్తం వసూలే 24,000! అప్పుడు మీకిచ్చే 30,000 ఎక్కడిది? గది ధరలో ముందే కలిపేసిన మీ డబ్బే కావచ్చు. మీ తర్వాత చేరినవారిదీ కావచ్చు.

అలాగని ఈ వ్యాపారమే చెడ్డదనడం లేదు. రాజస్థాన్‌లోని నీమ్రాణా కోటను అమన్ నాథ్, ఫ్రాన్సిస్ వాజియార్గ్ మిత్రులతో కలిసి 1986లో కొన్నారు. బాగుచేయించి హోటల్‌గా తెరిచింది 1991లో. తమిళనాడులో కారైకుడిలోని ‘ది బంగళా’ను మీనాక్షి మెయ్యప్పన్ 1999లో ప్రారంభించారు. చెట్టినాడు భోజనంతో దానికి పేరొచ్చింది. చూశారా, ఒకచోట ఏళ్ల ఓపిక, మరోచోట వంటింటి ఘనత!

డబ్బు కట్టేముందు ఇవి అడగండి:

గది మీ పేరున రిజిస్టరవుతుందా, లేక ఒట్టి ఒప్పందమేనా?

గ్యారంటీ ఎన్నేళ్లు? ఆ తర్వాత మాటేమిటి?

ఇప్పటికే నడుస్తున్న హోటలైతే, గత మూడేళ్లలో ఏ నెలలో ఎన్ని గదులు నిండాయి?

కడుతున్నదైతే రెరా నంబరుందా? పదిమంది డబ్బు పోగుచేసే పథకమైతే సెబీ రిజిస్ట్రేషనుందా?

చిన్న, మధ్యతరహా రీట్లకు సెబీ 2024లో నిబంధనలు తెచ్చింది. వాటిలో కనీస పెట్టుబడి 10 లక్షలు. సొమ్ములో 95 శాతం ఆదాయం వస్తున్న ఆస్తుల్లోనే పెట్టాలి. అయినా లాభానికి పూచీ లేదు సుమా!

జవాబులన్నీ కాగితం మీద ఇస్తేనే ముందుకు వెళ్లండి. అమ్మాయి పెళ్లికి, ఆసుపత్రి ఖర్చుకు దాచిన డబ్బు జోలికి మాత్రం వెళ్లకండి. గదులు ఖాళీగా ఉన్న నెలలో కూడా మన ఇంట్లో పొయ్యి వెలగాలి కదా!