ఎలుక చెప్పే సాక్ష్యం ఎంతవరకు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి మేదోరోగ చికిత్సకై నా వద్దకు వచ్చేవారిలో పలువురు ఈ మధ్య ఒకే ప్రశ్న వేస్తున్నారు. "అయ్యా, ఈ గుగ్గులు మాత్రలు ఎలుకల మీద రుజువయ్యాయట. డాక్టరుగారు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి ఇవి వాడుకోవచ్చునా?" దీనికి సూటిగా సమాధానం చెప్పడం వైద్యుడి ధర్మం.

ఆ రుజువు ఎలా జరుగుతుందో ముందు తెలుసుకుందాం. ఎలుకలకు కొన్ని వారాలు కొవ్వు హెచ్చుగా గల ఆహారం పెడతారు. వాటిలో కొన్నింటికి మాత్రమే ఔషధం ఇస్తారు. పిదప కాలేయాన్ని తీసి తూచి, మెత్తగా నూరి, రెండు పాళ్ల క్లోరోఫాం, ఒక పాలు మిథనాల్ గల ద్రవంలో కలుపుతారు. వడగట్టి, కొంత ఉప్పునీరు చేర్చి నిలకడగా ఉంచితే కొవ్వు క్లోరోఫాంతో పాటు అడుగుకు చేరుతుంది. క్లోరోఫాంను ఆవిరి చేసి, మిగిలిన కొవ్వును తూస్తారు. 1957లో ఫోల్చ్ బృందం ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. కొవ్వులలో భాస్వరం గలవాటిని లెక్కగట్టడానికి తోడ్పడిన నీలివర్ణ పరీక్షను 1925లో ఫిస్క్‌తో కలిసి రూపొందించినవారు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

గురుకులంలో చదివిన నాకు ఈ విద్య పరాయిదిగా తోచదు. "ఋషివాక్యానికి ఎలుక సాక్ష్యమా?" అని ఆగ్రహించే తోటి వైద్యులతో నేను ఏకీభవించను. అయితే ఎలుక పేరు చెప్పి మందులమ్మేవారితో అసలే ఏకీభవించను. తెల్ల ఎలుకకు పిత్తాశయమే లేదు. దాని రక్తంలో కొలెస్ట్రాల్‌ను ప్రధానంగా మోసేది హెచ్.డి.ఎల్. కాగా, మనిషిలో ఎల్.డి.ఎల్. కనుక ఔషధం ఏ మార్గాన పనిచేయవచ్చునో ఎలుక సూచించగలదు. మనిషికి మేలు చేస్తుందని హామీ ఇవ్వలేదు.

గుగ్గులు చరిత్రే ఇందుకు నిదర్శనం. సుశ్రుతుడు వర్ణించిన మేదోరోగాన్ని ఆధారం చేసుకుని జి.వి. సత్యవతిగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్లపై పరిశోధించి, గుగ్గులు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని 1966లో చూపారు. మన దేశంలో రోగులపై జరిగిన కొన్ని పరీక్షలూ అనుకూలంగా వచ్చాయి. కాని 2003లో వెలువడిన అమెరికా పరీక్షలో, 103 మందిపై 8 వారాలు పరిశీలించగా, గుగ్గులు సారం వాడినవారిలో ఎల్.డి.ఎల్. తగ్గకపోగా కొంత పెరిగింది. కొందరికి దద్దుర్లు కూడా వచ్చాయి. ఆ పరీక్షలో ప్రకృతిని, అగ్నిబలాన్ని చూడలేదని మనవారు అనవచ్చు. నిజమే. మరి అంగడిలో డబ్బా కొనుక్కునేవారికి వాటిని ఎవరు చూస్తున్నారు?

అందుచేత పాఠకులకు నా మనవి: గుండెజబ్బు, పక్షవాతం రాకుండా డాక్టరు ఇచ్చిన మాత్రలను మీ అంతట మీరు మానకండి. గుగ్గులు కొన్ని గుండె మందుల బలాన్ని తగ్గించగలదు. గర్భిణులు దానిని వాడరాదు. వాడదలచినవారు వైద్యుడికి, డాక్టరుకు ఇద్దరికీ చెప్పి, వాడకానికి ముందు, మూడు నెలల తరువాత రక్తపరీక్ష చేయించుకోవాలి. పగటినిద్ర మాని, మితంగా భుజించి, ఉదయం నడవడానికి మాత్రం ఎవరి సాక్ష్యమూ అక్కరలేదు. మందు మార్చే ముందు చూడవలసింది ఎలుక కాలేయాన్ని కాదు, మీ రక్తపరీక్ష కాగితాన్ని.