అల్లిక సాధనముల వలన పని వేగము పెరుగునా?

గత సంవత్సరము అంతర్ కళాశాలల పోటీలకు నాలుగు దినముల ముందు మన బ్యాడ్మింటన్ జట్టు రాకెట్లలో మూడింటి గట్టింగు తెగిపోయినది. వాటిని నెల్లూరు పంపితిమి. అవి తిరిగి అల్లూరు చేరునప్పటికి పోటీలు ముగిసినవి. మన విద్యార్థులు అరువు రాకెట్లతో ఆడవలసి వచ్చినది. ఆటలో ఓటమి సహజమే. కాని చేతిలో తన రాకెట్టు లేక ఓడినవాని బాధ వేరు.

తరువాత విద్యార్థులు కొందరు కళాశాల కమిటీకి విన్నపము సమర్పించినారు. గట్టింగు ఇక్కడనే జరుగవలెననియు, అందుకు యంత్రముతో పాటు తీగలను త్వరగా అల్లు సాధనమును కూడ కొనవలెననియు దాని సారాంశము. మొదటి కోరికను మేము మనస్ఫూర్తిగా బలపరచుచున్నాము. రెండవదానితో మాత్రము ఏకీభవింపలేకున్నాము.

తెలుగు అధ్యాపకులకు రాకెట్లతో ఏమి పని యని కొందరు నవ్వవచ్చును. కాని గట్టింగు నేతపనికి తోబుట్టువు. ‘గట్’ అను ఆంగ్లపదమునకు ప్రేగు అని అర్థము. పూర్వము రాకెట్లకు జంతువుల ప్రేగులతో చేసిన తీగలనే కట్టెడివారు. మన దూదేకుల సోదరుల వింటికి కట్టిన నరపుతీగయు ఆ జాతిదే. ఇక రాకెట్టులోని నిలువు తీగలు పడుగు, అడ్డుతీగలు పేక. వెంకటగిరి, పాటూరు మగ్గములను ఎరిగిన మన వారికి ఈ మాటలు క్రొత్త గావు.

బ్యాడ్మింటన్ రాకెట్టునకు సాధారణముగా 22 నిలువు తీగలు, 21 అడ్డుతీగలు ఉండును. ప్రతి అడ్డుతీగ ఒక నిలువు తీగ పైగా, మరియొకదాని క్రిందుగా సాగవలెను. అనగా నాలుగు వందలకు పైబడిన కూడళ్లు. ఇది చూచినవారికి, మగ్గము వంటి సౌకర్యము రాకెట్టునకేల ఉండరాదని తోచుట సహజమే. సాధనములలో ఒక రకము ఈ తలంపుతోనే పుట్టినది. ఒక బద్దను నిలువు తీగల మధ్య ఒకటి విడిచి ఒకటిగా దూర్చి, నిలబెట్టినచో సగము తీగలు పైకి లేచును. ఏర్పడిన సందులోనుండి అడ్డుతీగను ఒక్క లాగుతో ఆవలకు తీయవచ్చును.

చూచుటకు ముచ్చటగానే యుండును. కాని మగ్గమునకు, రాకెట్టునకు గల భేదమును గమనింపవలెను. మగ్గముపై ఒకసారి చేసిన అమరిక వేలకొలది పేకలకు పనికివచ్చును. కాలిక్రింది చెక్కను త్రొక్కగానే రెండవ వరుస లేచును. రాకెట్టులో పేకలు ఇరువది యొక్కటియే. బద్ద ఒక వరుసకే దారి ఇచ్చును. ఎదురు వరుసను వ్రేళ్లతో అల్లవలెను, లేదా బద్దను తీసి మరల దూర్చవలెను. అంతేగాక, అల్లిక చివరకు వచ్చుకొలది తీగలు బిగిసి, బద్దకు చోటు మిగులదు. కష్టమైన ఆ చివరి వరుసలలోనే సాధనము మనలను విడిచిపోవును.

లెక్క కూడ చూతము. ఒక విద్యార్థికి గట్టింగునకు 45 నిమిషములు పట్టునని అనుకొందము. అందులో చట్రమును యంత్రమునకు బిగించుట, నలుబదికి పైగా సార్లు తీగను లాగి బిగువు చూచుట, క్లాంపులు మార్చుట, ముడులు వేయుట, వీటికి 30 నిమిషములు పోగా అల్లికకు మిగులునవి 15. సాధనము ఇందులో మూడవ వంతు తగ్గించినను ఆదా 5 నిమిషములే. దానిని దూర్చుటకు, తీయుటకు పట్టు కాలమును త్రోసివేసినచో మిగులునదెంత?

1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగురు నాడెను కనిపెట్టినాడు. నేత వేగము హెచ్చినది. కాని నూలు వడకువారు ఆ వేగమును అందుకొనలేక మగ్గములు నూలు కొఱకు ఎదురుచూడవలసి వచ్చినది. ఆలస్యము ఎక్కడ జరుగుచున్నదో అక్కడ మందు వేయవలెను. మన ఆలస్యము అల్లికలో లేదు, నెల్లూరు ప్రయాణములో ఉన్నది.

వ్రేళ్ల శ్రమను తగ్గించు ఉపాయము ఒకటి కలదు. దానికి ఖర్చు లేదు. బిగించిన అడ్డుతీగ తాను పైగా దాటిన నిలువు తీగలను క్రిందికి అణచును. తరువాతి తీగ సరిగా వాటి క్రిందనే దూరవలసియున్నందున వ్రేళ్లు నొచ్చును. అందుచేత నేర్పరులు ఎల్లప్పుడు ఒక వరుస ముందుగా అల్లుదురు. మూడవ తీగను అల్లునప్పుడు రెండవది ఇంకను వదులుగానే యుండును, బిగిసియున్నది మొదటిది. మొదటిదానికి, మూడవదానికి దారి ఒక్కటే గనుక నిలువు తీగలు అనుకూలముగా ఒదిగియుండును. పెద్ద పోటీలలో గట్టింగు చేయు నిపుణులు బిగువునకు విద్యుత్ యంత్రమును వాడినను, అల్లికను నేటికిని వ్రేళ్లతోనే చేయుచున్నారు.

చూపు మందగించినవారికి, వ్రేళ్లలో పట్టు తగ్గినవారికి ఆ సాధనము మేలు చేయునని మేము ఒప్పుకొందుము. అది శ్రమను తగ్గించుట వేరు, కాలమును తగ్గించుట వేరు. మన విద్యార్థులకు కావలసినది రెండవది.

కావున కమిటీ పెద్దలకు మా మనవి. బరువుతో బిగువు చూపు సామాన్య యంత్రము నొకదానిని, 200 మీటర్ల తీగచుట్ట నొకదానిని తెప్పించుడు. రాకెట్టునకు 10 మీటర్ల చొప్పున ఆ చుట్ట ఇరువది రాకెట్లకు సరిపోవును. అల్లిక సాధనమునకు కాగల సొమ్ముతో మరికొంత తీగ కొని, ఇద్దరు హాస్టలు విద్యార్థులకు పని నేర్పించుడు. రాకెట్టునకు ఇంత యని కూలి ముట్టజెప్పినచో వారి పుస్తకముల ఖర్చు వెళ్లును.

విద్యార్థులారా, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ మన పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాలో జన్మించినవాడు. టెన్నిస్‌లో హైదరాబాదు బిడ్డ సానియా మీర్జా 2015లో వింబుల్డన్ డబుల్స్ గెలిచినది. వారంతటి ఆట మనకు రాకపోవచ్చును. మన రాకెట్టును మనమే కట్టుకొనుట మాత్రము మన చేతిలోని పని. మొదటి రాకెట్టునకు రెండు గంటలు పట్టినను వెనుదీయకుడు. పదవ రాకెట్టునాటికి మీ వ్రేళ్లే మీకు సాధనములగును.