బడిసొమ్మునకు లెక్క యెవరు చెప్పవలెను?

ఆదోని పత్తిమార్కెటునకు రైతు సరకు తెచ్చినచో అది కాటా కెక్కును. తూకమెంత, పలికిన ధర యెంత, కమీషనెంత, హమాలీ యెంత యనునవి వ్రాసి చీటి చేతికిత్తురు. ఆ చీటిలో పది రూపాయలు తేడా వచ్చిన రైతు ఊరకుండడు. దుకాణము మెట్టెక్కి యడుగును. దళారికిని సమాధానము చెప్పక తప్పదు. ఆ రైతే తన యూరి బడికి ఈ సాలున ఎంత సొమ్ము వచ్చినది, ఎంత ఖర్చయినది, మిగిలినది ఎచ్చట నున్నది యని తెలిసికొనదలచెనేని, అడుగుటకు తగిన దుకాణమే కానరాదు. ప్రధానోపాధ్యాయుడు మండల విద్యాధికారిని చూపును. ఆయన జిల్లా కార్యాలయమును చూపును. జిల్లా కార్యాలయము రాజధానిని చూపును. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల తల్లిదండ్రులలో పాఠశాలల నిర్వహణమును గూర్చి నానాటికి ప్రబలుచున్న అసంతృప్తికి ప్రధాన హేతు విదియే యని మా యభిప్రాయము. బీదతనమును మనవారు సహింతురు. బదులు చెప్పువాడు లేకుండుటను సహింపజాలరు.

ఈ పడమటి సీమ విద్యావిషయమున ఎంత వెనుకబడినదో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2011 జనాభా లెక్కలనాడు దేశమున నూటికి 73 మంది అక్షరాస్యులు కాగా, విభజనకు పూర్వపు కర్నూలు జిల్లాలో 60 మంది మాత్రమే యుండిరి. స్త్రీలలో సగముమందికిని చదువు లేకుండెను. జిల్లా మొత్తమును కలిపి చెప్పిన ఈ సంఖ్య కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, హొళగుంద వంటి మండలముల నిజస్థితిని కప్పిపుచ్చుచున్నది. తూర్పున నున్న పట్టణముల చదువు పడమటి పల్లెల లోటును కాగితముపై పూడ్చుచున్నదన్నమాట.

విద్యకు లెక్క చెప్పు స్థానిక పాలకుడు మన దేశమున నెన్నడును లేకపోలేదు. 1920వ సంవత్సరపు మద్రాసు ప్రాథమిక విద్యాశాసనము విద్యకై ప్రత్యేకముగ పన్ను విధించు నధికారమును స్థానిక సంస్థలకు ప్రసాదించెను. నాడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆనాటి బోర్డులు దోషరహితములని మేము చెప్పము. కక్షలును, ఆశ్రిత పక్షపాతమును వానియందు సమృద్ధిగనే యుండెను. అయినను బోర్డు సభ్యుడెవరో ఊరివా రెఱుగుదురు. ఆతనిని రచ్చబండకడ నిలిపి యడుగగలిగిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరి కర్నూలు జిల్లాలో కలిసినవి. 1959లో జిల్లాబోర్డులు పోయి జిల్లాపరిషత్తులు వెలసినవి. 1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణము పంచాయతులకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొనుచు, ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలను స్పష్టముగ చేర్చినది.

ఇన్ని శాసనముల ఫలిత మేమి? నేటికిని బడి గోడపై మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యనియు, జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాల యనియు వ్రాసియుందురు. పేరు పరిషత్తుది; అధికారము వేఱొకరిది. ఉపాధ్యాయుని నియమించుట, జీతమిచ్చుట, బదిలీ చేయుట మొదలుకొని గోడకు వేయు రంగును నిర్ణయించుట వఱకు సర్వమును పైనుండి జరుగుచున్నది. పట్టణములందైనను వేఱు లేదు. పురపాలక పాఠశాలల పర్యవేక్షణమును 2022లో విద్యాశాఖ కప్పగించిరి. ఎన్నికైన ప్రతినిధికి పేరు మిగిలెను. అధికారము గల యుద్యోగికి ఓటరుతో పని లేదు. ఈ రెంటి నడుమ బడి అనాథయైనది.

ఇక సొమ్ము సంగతి. సమగ్ర శిక్షా పథకము క్రింద బడికి వచ్చు వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యనుబట్టి యుండును. నూఱుమందికి పైబడి 250 మంది వఱకు నున్న బడికి 50,000 రూపాయలు. అటుపై వేయిమంది వఱకు 75,000. సుద్దముక్కలు, రిజిస్టరులు, విద్యుత్తు, నీరు, చిన్న మరమ్మతులు సర్వమును దీనిలోనే. ఇన్నూఱుమంది పిల్లలున్న బడిని తలంచుడు. తలకు సాలునకు 250 రూపాయలు. దినమునకు డెబ్బది పైసలైనను కాదు. ఆదోని బజారులో నేడీ సొమ్మునకు బలపమైనను దొరకదు. ఈ స్వల్పమైన గ్రాంటైనను సకాలమున బడికి చేరిన గదా! తుంగభద్ర దిగువకాలువ చివరి పొలములు గల రైతులకు మేము వివరింప నక్కఱలేదు. కాగితముపై వాటా యుండుట వేఱు, తూమునుండి నీరు దుముకుట వేఱు.

ఇంతకంటె నిశితముగ పరిశీలింపదగిన అంశ మింకొకటి గలదు. బడికి బిడ్డను పంపు తల్లికి సాలునకు 15,000 రూపాయ లిత్తుమని ప్రభుత్వములు వాగ్దానము చేసినవి. వెనుకటి ప్రభుత్వపు అమ్మఒడి పథకమున 2021లో మరుగుదొడ్ల నిర్వహణకై వేయి రూపాయలు మినహాయించిరి. 2022లో బడి నిర్వహణకని మఱియొక వేయి మినహాయించిరి. ప్రభుత్వము మాఱెను. 2025లో తల్లికి వందనమను పేర ఇచ్చిన సొమ్ములోనుండియు ఆ 2,000 రూపాయలు మినహాయింపబడినవి. పేరులు మాఱినను మినహాయింపు మాఱలేదు. మేము దీనిని తప్పని యనుట లేదు. తన బిడ్డ చదువు బడి శుభ్రముగ నుండుటకు తల్లి వంతు వేయుట గౌరవప్రదమే. కాని యిన్నూఱుమంది బిడ్డల పేర మినహాయించిన మొత్తము నాలుగు లక్షలగును. ఆ నాలుగు లక్షలలో ఆ యూరి బడికి ఎంత తిరిగి వచ్చెను? ఎన్ని నెలలు మరుగుదొడ్డి కడిగిన యాయాకు జీతము ముట్టెను? ఈ ప్రశ్నకు సమాధానము వ్రాసిన కాగితము బడి గోడపై నేల యుండరాదు? చందా వేసినవాడు లెక్క యడుగుట సర్వలోక సమ్మతమైన న్యాయము. ఆదాయపు పన్ను కట్టువారుకూడ 2004నుండి విద్యాసుంకమును కట్టుచునే యున్నారు. 2018లో దానిని ఆరోగ్యముతో కలిపి నూటికి నాలుగు చేసిరి. కావున కూలిచేయు తల్లియు, కొట్టు నడుపు వర్తకుడును ఈ లెక్క యడుగుటకు సమానముగ నర్హులు.

కట్టడముల కథయు నిట్టిదే. 2019 నవంబరు 14వ తేదీన ప్రారంభమైన నాడు-నేడు కార్యక్రమపు మొదటి విడతలో రాష్ట్రమున పదునైదువేలకు పైగా బడులకు 3,600 కోట్లకు మించి వ్యయపఱచిరి. నీళ్లు, బల్లలు, పంకాలు వచ్చినవి; కాదనరాదు. రెండవ విడత పనులు 2021లో మొదలిడి, అనేకచోట్ల గోడలు లేచియు కప్పు పడక, కప్పు పడియు తలుపులు లేక నిలిచిపోయినవి. ఆరంభించినవారు దిగిపోవువారిని నిందింపనక్కఱలేదు, దిగిపోయినవారు వచ్చినవారిని నిందించుచున్నారు. వచ్చినవారు వెనుకటివారి బకాయీలను చూపుచున్నారు. సగము లేచిన గదిలో వర్షపునీరు ఏ పక్షపు నీరని పిల్లవా డెఱుగునా?

గది లేకున్నను చెట్టుక్రింద చదువు సాగును. అయ్యవారు లేకున్న మాత్రము సాగదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలలో అరువదిమంది పిల్లల వఱకు ఇద్దఱు ఉపాధ్యాయు లుండవలెనన్నది. అంతియ కాదు, ఏ బడిలోను మంజూరైన కొలువులలో నూటికి పదికంటె హెచ్చుగ ఖాళీ లుండరాదని 26వ విభాగమున శాసించినది. 2018 నాటి ప్రకటన తరువాత ఏండ్లతరబడి పెద్దయెత్తు నియామకములు లేకపోయెను. 2025 ఏప్రిలులో 16,347 కొలువులకు ప్రకటన వెలువడినపుడు ఉమ్మడి కర్నూలు జిల్లాకు 2,645 వచ్చినవి. ఏ జిల్లాకును ఇన్ని లేవు. మొత్తములో దాదాపు ఆఱవవంతు! దీనిని కొందఱు మనకు జరిగిన ఉపకారముగ వర్ణించిరి. మాకది నేరాంగీకారముగ తోచుచున్నది. ఇన్ని కొలువులు ఖాళీగా నుండగా ఒక తరము పిల్లలు ప్రాథమిక విద్య ముగించుకొని, లేక ముగింపకయే, బయటికి పోయిరి.

2025 సెప్టెంబరులో నియామకపత్రములు పంచిరి. సంతోషము. కాని నియమించుట యొకటి, నిలుపుట యొకటి. మాఱుమూల పల్లెలో పనిచేసినవారికి బదిలీలలో అదనపు పాయింట్లిచ్చు పద్ధతి గలదు. దాని తాత్పర్యమేమి? ఇచ్చట పనిచేసినందులకు ప్రతిఫలము ఇచ్చటినుండి వెడలిపోవుటయే! ఉపాధ్యాయులను మేము నిందింపము. వారికిని బిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు కలరు. నిలిచినవారికి లాభము కలుగునట్లు ఏర్పాటు చేయని విధానమే నిందార్హము.

పడమటి మండలముల కింకొక విశేషమైన కష్టము గలదు. వాన కఱవైన యేడాది దీపావళి దాటినంతనే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి కదలును. మిరపకోతకు, పత్తితీతకు గుంటూరు ప్రాంతమునకును తెలంగాణమునకును, కట్టడపు పనులకు బెంగుళూరునకును కుటుంబములు తరలును. తల్లివెంట పిల్లయు పోవును. హాజరుపట్టీలో పేరుండును, బల్లపై పిల్ల యుండదు. ఇట్టి పిల్లలకొఱకు వలసకాలపు వసతిగృహములు నెలకొల్పు విధానము ఉన్నదే. కాని కుటుంబము లారీ యెక్కిన పిమ్మట వసతిగృహము తలుపు తెఱచిన ప్రయోజనమేమి? సరిహద్దు గ్రామములలో కన్నడమును, పట్టణములలో ఉర్దూయు మాతృభాషలైన పిల్లలు వేలకొలది కలరు. వారికి తగిన ఉపాధ్యాయుని పంపవలెనన్న సంగతి రాజధానిలోని కాగితమునకు తోచుట కష్టము. ఊరివానికి తోచుట సులభము. స్థానికాధికార మేల కావలెననుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

అధికారులు చెప్పు సమాధానములను మే మెఱుగుదుము. విద్యకు కేటాయించు ధనములో అధికభాగము జీతములకే పోవుచున్నదనియు, ఖజానా యిరుకున నున్నదనియు, ఆడిటు జరుగుచునే యున్నదనియు వారందురు. ఖజానా యిరుకైనపుడే లెక్క బహిరంగముగ నుండవలయును. కలిగిన యింట లెక్క లేకున్నను గడచును, లేని యింట గడవదు. ఆడిటు నివేదిక బీరువాలో నుండును. తల్లి బడి గుమ్మమున నుండును. ఈ రెంటికిని ముఖాముఖి కల్పించుటయే మా కోరిక.

అందులకై మేము సూచించునవి కొత్త శాసనములు కావు, ఉన్నవానిని నడపుటయే. విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము ప్రతి బడికి నిర్వహణసంఘ ముండవలెను. అందు ముప్పాతికమంది తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతట వీనికి ఎన్నికలు జరిగినవి. ఆ సంఘమును వ్రేలిముద్రల సంఘముగ నుంచక, మూడు నెలల కొకసారి వచ్చిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము, మిగిలిన సొమ్ము దానియెదుట చదివి గోడపై అంటింపవలయును. కన్నడ ఉర్దూ బడులలో ఆయా భాషలలోనే వ్రాయవలయును. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ విభాగము అడుగకయే వెల్లడింపుమని ప్రభుత్వ కార్యాలయములను శాసించియున్నది. తల్లుల సొమ్మునుండి మినహాయించినదానికి బడివారీ లెక్క ప్రకటింపవలయును. ఉపాధిహామీ పనులకు 2006నుండి ఈ రాష్ట్రముననే సామాజిక తనిఖీ నడచినది. కూలీల మస్టరును గ్రామసభలో చదువగలిగినవారము బడి పద్దును చదువలేమా? ప్రతి జూన్ మాసమున మండలవారీ ఖాళీల పట్టిక వెలువడవలయును. బదులు ఉపాధ్యాయుడు చేరనిదే ఉన్నవానిని విడువరాదు. నిలిచి పనిచేయువారికి ప్రత్యేక భత్యమీయవలయును. వలసవసతిగృహములు దీపావళికి ముందే తెఱువవలయును.

తుదకు మన తప్పును చెప్పక విడిచినచో ఈ వ్యాసము సగమే యగును. భూవసతి గలవారును, పట్టణపు వర్తకులును, వకీళ్లును, ఉద్యోగులును తమ బిడ్డలను ప్రైవేటు బడులకు పంపి, ఊరిబడితో తమకు సంబంధము తీఱినదని తలంచుచున్నారు. నోరుగలవాని బిడ్డ లేని బడికి నోరు లేకపోవుట సహజము. పత్తివిత్తనపు చేలలో బాలికలచే పనిచేయించు విషయమున కర్నూలు జిల్లా పేరు ఈ శతాబ్దారంభపు పరిశోధనలలో కెక్కినది. డిసెంబరున తన చేలో వంగి పత్తి తీయు పిల్ల యే బడినుండి వచ్చినదని రైతు ఒక్కమారైనను అడిగెనా? ప్రభుత్వమును లెక్క యడుగుటకు ముందు ఈ లెక్క మనకు మనము చెప్పుకొనవలసి యున్నది.

1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు చేనేతవారి సహకారసంఘమును స్థాపించిరి. రాజధానినుండి ఎవరో వచ్చి తమ్ముద్ధరింతురని ఆ నేతగాండ్రు ఎదురుచూడలేదు. తమ వాటా తాము వేసి, తమ సంఘము తాము కట్టుకొనిరి. ఆ యూరివారికి సంఘము నడపు విద్య కొత్తది కాదు. పద్దు వ్రాయు విద్యలో ఆదోని వర్తకునికి ఎవ్వరును తీసిపోరు. ఆ నేర్పులో కొంత ఊరిబడికి ధారపోయుడు. నిర్వహణసంఘపు సమావేశ దినము తెలిసికొనుడు. ఆ దినమున మీ బిడ్డ యచ్చట చదువకున్నను బడికి పొండు. కూలితల్లి ప్రక్కన కూర్చుండి, ఆమె అడుగ జంకు ప్రశ్నను మీ రడుగుడు. అడుగువాడు ఊరనే యున్నాడని తెలిసిననాడు, సమాధానము చెప్పువాడు రాజధానినుండియైనను దిగివచ్చును.