శిబిరాల లెక్క ఆరోగ్యం లెక్క కాదు

మొన్న తుపాను సహాయం మీద ఒక టీవీ చర్చ విన్నాను. వైద్య శిబిరాలు వందల్లో పెట్టారని, వేల మందికి మందులిచ్చారని, అంటువ్యాధి ఒక్కటీ ప్రబలలేదని, ఇంక జనం ఆరోగ్య అవసరాల మీద వేరే సర్వే దేనికని ఒకాయన అడిగారు. పక్కనున్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఇది ఆయనొక్కడి మాట అయితే వదిలేసేవాణ్ణి. ప్రతి వరద తర్వాతా మన నాయకులు, అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు అప్పజెప్పే పాఠం ఇదే. ఈ పాఠం తప్పు. ఈ తప్పు ప్రాణాలు తీస్తుంది.

శిబిరంలో ఏం జరుగుతుందో చూడనివాళ్లెవరు? రోడ్డు పక్కన టెంటు, నాలుగు కుర్చీలు, వెనక ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ మీద బొమ్మలకున్నంత చోటు మందుల బల్లకు ఉండదు. పారాసెటమాల్, బీ కాంప్లెక్స్, దురదకు పూత మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. సాయంత్రానికి రిజిస్టరులో ఎన్ని పేర్లు పడ్డాయో పైకి పంపుతారు. ఆ అంకె చెప్పేదల్లా నడవగలిగినవాళ్లు ఎంతమంది వచ్చారన్నదే. పక్షవాతంతో మంచం పట్టిన ముసలాయన రాలేదు. సిజేరియన్ కుట్లు ఆరని బాలింత మోకాటి లోతు బురదలోకి దిగలేదు. ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్న ఒంటరి ఆడమనిషికి క్యూలో నిలబడే తీరిక లేదు. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నది ఈ రానివాళ్లకే. వీళ్లను వదిలేసి, వచ్చినవాళ్లను లెక్కపెట్టి, అదే ఊరి ఆరోగ్యమని ప్రకటిస్తారు. శిబిరం పెట్టొద్దని నేననడం లేదు. శిబిరం రిజిస్టరును అవసరాల అంచనా అని చెప్పడం అబద్ధం అంటున్నాను.

విజయవాడనే తీసుకోండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో నానాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. ఫైరింజన్లతో ఇళ్లు కడిగారు. నీళ్లు తీశాక నష్టం రాసుకోవడానికి ఇంటింటికీ తిరిగారు. కింది అంతస్తు మునిగితే 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్లకు 10,000 అన్నారు. మంచి పని చేశారు. అంటే గడప గడపకూ వెళ్లడం మన యంత్రాంగానికి చేతకాని పనేం కాదు. కానీ ఆ లెక్కంతా ఇల్లు, సామాను, బండి చుట్టూనే తిరిగింది. ఫ్రిజ్ పాడైందని రాసుకునే చోట, అందులో ఇన్సులిన్ ఉండేదా అని అడగడం ఎంత సేపు? బీపీ మాత్రలు నీళ్లపాలయ్యాయా, టీబీ మందు ఆగి ఎన్నాళ్లయింది, ఇంట్లో నెలలు నిండినవాళ్లున్నారా, తాగే నీళ్లు ఎక్కడివి? ఈ నాలుగు ప్రశ్నలకు ఐదు నిమిషాలు చాలు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు కూలి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పట్టి పీడిస్తున్నదీ ఆ ఊళ్లనే. డయాలసిస్ మీదున్న మనిషి వారానికి రెండు మూడుసార్లు యంత్రం దగ్గరికి చేరాలి. ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటల కరెంటు, 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. వరసగా విడతలు తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఆ మనిషికి టెంటులో ఇచ్చే జ్వరం మాత్ర ఎందుకు పనికొస్తుంది? తుపాను ముందే నిండు గర్భిణుల జాబితా తీసి ఆసుపత్రులకు చేర్చే పద్ధతి మన దగ్గర బాగా కుదిరింది. ఆ పని చేసే ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు చేతులెత్తి మొక్కుతాను. డయాలసిస్ రోగుల పేర్లు కూడా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం లెక్కల్లో ఉన్నవే. ఆ శ్రద్ధ వీళ్లకూ దక్కాలి కదా!

బ్లీచింగ్ పౌడర్ గురించి కూడా చెప్పి తీరాలి. పెద్దలు వచ్చే దారికి రెండు పక్కలా తెల్లటి గీతలు గీస్తారు. మట్టి మీద చల్లిన క్లోరిన్ ఎవరి దాహాన్నీ శుభ్రం చేయదు. అది పడాల్సింది నీళ్ల ట్యాంకులో. కుళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, విపత్తు వేళ 0.5 దాకా ఉండాలి. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు ఉంటే నిమిషాల్లో తేలే సంగతి ఇది. శిబిరాల సంఖ్య చదివినంత గట్టిగా ఆ అంకె ఎవరు చదువుతున్నారు? ఫాగింగూ అంతే. ఎగిరే దోమ చస్తుంది, డ్రమ్ములో లార్వా బతికే ఉంటుంది.

అంటువ్యాధి రాలేదన్న వాదన మరీ పల్చన. పదో రోజున ఆ మాట అనడానికి ధైర్యం ఎలా వస్తుంది? ఎలుక జ్వరం బయటపడడానికి వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెల పడుతుంది. హెపటైటిస్-ఇ కామెర్లకు రెండు నుంచి తొమ్మిది వారాలు. 2018 వరదల తర్వాత కేరళను ఎలుక జ్వరం ఎలా కుదిపిందో మరిచిపోయామా?

అసలు చావుల లెక్కే సరిగ్గా ఉండదు. 2017 సెప్టెంబరులో మరియా తుపానుకు దెబ్బతిన్న ప్యూర్టోరికోలో మృతులు 64 మంది అని నెలల తరబడి అధికారికంగా చెప్పారు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆర్నెల్ల మరణాలను మామూలు రోజులతో పోల్చి చూస్తే అదనపు మరణాలు 2,975 అని తేలింది. 2018 ఆగస్టులో ప్రభుత్వమూ ఒప్పుకుంది. కరెంటు లేక, వైద్యం అందక పోయినవాళ్లు మొదటి లెక్కలోకి రాలేదు. మన తుపానుల తర్వాత ఈ పోలిక ఎవరు చేశారు?

సర్వేకు సమయం లేదంటారు. ముంపు ప్రాంతం నుంచి పద్ధతి ప్రకారం 30 చోట్లు ఎంచుకుని, చోటుకు 7 ఇళ్ల చొప్పున 210 ఇళ్లలో అడిగితే మొత్తం ప్రాంతం అవసరాలు స్థూలంగా తెలుస్తాయి. ప్రపంచమంతా వాడుతున్న పద్ధతే ఇది. శిక్షణ ఉన్న బృందాలకు రెండు మూడు రోజుల పని. ప్రశ్నలు ఎవరు రాయాలి, ఏ శాఖ నడపాలి అన్నది కూర్చుని తేల్చుకోవచ్చు. తేల్చుకోవాలన్న పట్టుదల ముందు రావాలి.

వచ్చే తుపానుకు మొదటి వారంలోనే ఆ 210 ఇళ్లు ఏం చెప్పాయో బయటపెట్టండి. మూడో నెల చివర మరణాల రిజిస్టరు తెరిచి, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చి ప్రకటించండి. అది చేసేదాకా శిబిరాల సంఖ్య చదివి చప్పట్లు కొట్టించుకోవడం ఆపండి.