బండి కబుర్లు: పొగా, ఆవిరా?

పోయిన దీపావళి సంచికలో టైర్ల గురించి రాసిన దగ్గర్నుంచి, పిక్నిక్‌లో కనిపించినవారూ, గుడిలో కనిపించినవారూ ఒకటే మాట. "టైర్లు సరే నండీ, ముందు నుంచి పొగ లేస్తే ఏం చెయ్యాలో అది రాయండి" అని. ఉగాది దాటితే వేసవి సెలవులే. ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు దిగడం, వాళ్ళని ఎక్కించుకుని గుళ్ళకీ గోపురాలకీ, గ్రాండ్ కాన్యన్‌కీ బయల్దేరడం ఎలాగూ తప్పదు. అందుకని ఈసారి అదే సంగతి. ఎప్పటిలాగే ముందొక మనవి: నేను మెకానిక్కుని కాను. ఆదివారం పూట గరాజులో బండి కింద దూరితే గానీ తోచని బాపతు మనిషిని, అంతే.

ముందు పేరు దగ్గరే చిక్కు. మనం బానెట్ అంటాం, ఇక్కడివాళ్ళు హుడ్ అంటారు. టో ట్రక్కు అతనికి ఫోన్ చేసి "బానెట్ కింద నుంచి పొగ" అని చూడండి, అవతల కాసేపు చప్పుడుండదు. అంతకన్నా పెద్ద చిక్కు రెండో మాటతో. తెల్లగా ఏది పైకి లేచినా మనం "పొగ" అనేస్తాం. నిజానికి నూటికి ఎక్కువపాళ్ళు అది పొగ కాదు, ఆవిరి. రెండింటికీ చెయ్యవలసిన పని వేరు కాబట్టి, కంగారు పడే ముందు ఆ తేడా పట్టుకోవాలి. కింద వంటింట్లో తిరగమోత మాడితే మేడ మీద నుంచే పసిగట్టే ముక్కులు మనవి. ఆ ముక్కునే ఇక్కడా వాడండి.

తియ్యటి వాసన, పాకం కాస్త ఎక్కువ కాగినట్టు వస్తే, అది కూలెంట్. రేడియేటర్లో నీళ్ళతో సగం సగం కలిపి పోసే ద్రవం. దాంట్లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్‌కి తీపి రుచి ఉంటుంది. తెల్లటి ఆవిరి, తియ్యటి వాసన, వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు వాలడం, ఈ మూడూ కలిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. ఎక్కడో కారుతోంది, ఇంజను మరుగుతోంది. బండి పక్కకి తీసి ఆపేయడమే. "వచ్చే ఎగ్జిట్ రెండు మైళ్ళేగా" అన్న ఆశే ఎక్కువమంది ఇంజన్లని పొట్టన పెట్టుకుంది.

ఇంకా ఆవిరి రాలేదు, ముల్లు మాత్రం పైకి పాకుతోంది అనుకోండి. అప్పుడొక ఉపాయం ఉంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా పెట్టండి. నడివేసవిలో హీటరేమిటని వెనక సీట్లోంచి కేకలు వస్తాయి, రానివ్వండి. హీటరు దగ్గర ఉండేది కూడా ఒక బుల్లి రేడియేటరే. ఇంజను వేడిని కొంత లాగి మన మొహాన కొడుతుంది. ఆ కాస్త ఊరటతో సురక్షితంగా ఆగే చోటు దాకా చేరవచ్చు, ఇంటి దాకా కాదు. హీటరు పెట్టినా చల్లగాలే వస్తుంటే మాత్రం లోపల ద్రవమే లేదన్నమాట. అలాంటప్పుడు ముల్లు చెప్పేదీ నమ్మకూడదు. వేడి కొలిచే సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. ద్రవమంతా పోయాక గాలిలో ఉండి, అంతా బాగానే ఉందని చూపించినా చూపిస్తుంది.

బే ఏరియా నుంచి మాలిబు గుడికి కార్లో వెళ్ళినవాళ్ళకి ఐ-5 మీద గ్రేప్‌వైన్ ఎక్కుడు తెలిసే ఉంటుంది. సెంట్రల్ వ్యాలీ అంతా అరచెయ్యిలా చదునుగా వచ్చి వచ్చి, ఒక్కసారిగా కొండ మొదలవుతుంది. పైన తెహోన్ పాస్ ఎత్తు 4,144 అడుగులు. వేసవి మధ్యాహ్నాల్లో కింద 100 ఫారన్‌హీట్ దాటడం మామూలే. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపుకోండని రోడ్డు పక్కన బోర్డులు కూడా కనిపిస్తాయి. బండి నిండా మనుషులు, డిక్కీ నిండా పులిహోర డబ్బాలు, ఏసీ ఫుల్లు. రేడియేటర్లో ఏ లోపం ఉన్నా అక్కడ బయటపడక తప్పదు.

కొన్ని వేసవుల కిందట సరిగ్గా అక్కడి నుంచే నాకొక ఫోన్ వచ్చింది. మా వీధి చివర ఉండే తమ్ముడు. "అన్నయ్యా, ముందు నుంచి ఒకటే పొగ. పక్కకి ఆపాను. మామగారు మూత తీసి నీళ్ళు పోసేద్దాం అంటున్నారు, చేతిలో తువ్వాలు కూడా పట్టుకున్నారు."

"ముందు ఆయన్ని అక్కణ్ణుంచి జరగమను. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ రోడ్డు వైపు కాకుండా కుడివైపు దింపి, రెయిలింగు అవతల నిలబెట్టు. తరవాత ఫోన్ ఆయనకివ్వు" అన్నాను.

ఆయన గుంటూరు నుంచి వచ్చిన పెద్దమనిషి. పాతికేళ్ళు అంబాసిడర్ నడిపిన చెయ్యి. "బాబూ, శ్రీశైలం ఘాట్లో ఎన్నిసార్లు చెయ్యలేదూ! గోనెపట్టా వేసి మూత తిప్పడం, రెండు చెంబులు పొయ్యడం, పావుగంటలో బయల్దేరడం. ఈ మాత్రానికి గంటలు గంటలు కూచోవాలా?"

"బాబాయిగారూ, కుక్కర్ కూత పెడుతుండగా పిన్నిగారు మూత తీస్తారా?"

కొంచెం ఆగి, "తియ్యదు" అన్నారు.

"ఇదీ కుక్కరేనండీ."

మాటవరసకి అన్నది కాదు. రేడియేటర్ మూత చాలా బండ్లలో చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. మన ఇంటి కుక్కర్ వెయిట్ ఆపేదీ దాదాపు అంతే. నీళ్ళు 100 సెంటిగ్రేడ్ దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్ కలిపితే 107 దాకా ఆగుతాయి. పైన ఆ ఒత్తిడి కూడా ఉంటే సుమారు 129 దాకా మరగవు. ఆ వేడి మీద మూత తిప్పారనుకోండి, ఒత్తిడి ఒక్క క్షణంలో పోతుంది. అప్పటిదాకా కదలకుండా ఉన్న ద్రవం అంతా ఒక్కసారి మరిగి పైకి చిమ్ముతుంది. మొహం, ఛాతీ, చేతులు. తువ్వాలు దాన్ని ఆపలేదు, పైగా తడిసి ఒంటికి అతుక్కుంటుంది.

ఆయన చెప్పింది అబద్ధమని కాదు. ఘాట్ రోడ్డు మీద ఆ దృశ్యం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. డ్రైవరు దిగి చక్రానికి రాయి పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని మూత తియ్యడం, మనం చెట్టు కింద జామకాయలు తినడం. అప్పుడూ కాలినవాళ్ళు కాలారు. అయితే ఇంజను మాత్రం తట్టుకునేది. పాత అంబాసిడర్ ఇంజనుకి కింద దిమ్మా, పైన హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఇప్పటి బండ్లలో హెడ్ అల్యూమినియం. తేలిక, మైలేజీకి మంచిది. కానీ అతిగా వేడెక్కితే వంకర తిరుగుతుంది. హెడ్ వంగితే దాని కింది గాస్కెట్ పోతుంది, గాస్కెట్ పోతే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతుంది. పాత బండి అయితే ఆ మరమ్మతు ఖర్చు బండి ఖరీదుని మించిపోవచ్చు. కాగిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించినా ప్రమాదమే. లోహం పగలవచ్చు.

ఆ రోజు వాళ్ళు గంటకి పైగా ఆగారు. పులిహోర డబ్బా ఒకటి అక్కడే ఖాళీ అయిందట. రేడియేటర్ పైన ఉండే లావు గొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలాకే మూత జోలికి వెళ్ళమన్నాను. అలా తడుముతుంటేనే దొరికింది అసలు దోషి. బిగింపు పట్టీ పక్కనే ఆ రబ్బరు గొట్టం బెత్తెడు పొడుగున చీలి ఉంది. టో చేయించారు, గొట్టం మార్పించారు, మర్నాడు దర్శనం చేసుకున్నారు. బండి ఇవాళ్టికీ తిరుగుతోంది.

గొట్టం కాకపోతే ఇంకెక్కడ కారుతుందంటారా? రేడియేటర్‌కి పక్కలనుండే ప్లాస్టిక్ తొట్ల అతుకుల దగ్గర, నీటి పంపు దగ్గర, లేదా లోపల హీటరు దగ్గర. హీటరు దగ్గర కారితే బయటికి ఆవిరే కనిపించదు. కారు లోపల తియ్యటి వాసన, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు మసక, ముందు సీటు కింద కార్పెట్ తడి. రాత్రి బండి కింద ఒక తెల్ల అట్టముక్క పరిచి, పొద్దున్నే చూడండి. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగు చుక్కలైతే కూలెంట్ అనుకోవచ్చు. గోధుమ రంగో నలుపో జిడ్డుగా ఉంటే ఆయిల్. రంగూ వాసనా లేని నీళ్ళయితే ఏసీ నుంచి కారినవి, వాటితో బెంగ లేదు.

వాన పడ్డాకో, కారు కడిగాకో సిగ్నల్ దగ్గర ఆగితే సన్నగా ఆవిరి లేవడం కూడా చూసి ఉంటారు. వాసన లేదు, ముల్లు మామూలుగానే ఉంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడ్డ నీళ్ళవి. పొడిరోజున కూడా అలాగే వస్తే మాత్రం రిజర్వాయర్ డబ్బా మీది గీత దగ్గర ఒక గుర్తు పెట్టి, వారం తరవాత, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

ఇంక అసలు పొగ. నీలిగా, మాడిన నూనె కంపుతో వస్తే ఆయిల్ ఎగ్జాస్ట్ గొట్టాల మీద పడుతోంది. నిన్ననే ఆయిల్ మార్పించి ఉంటే ఒలికిన నాలుగు చుక్కలు కాలుతుండవచ్చు, కాసేపటికి తగ్గిపోతుంది. ఆయిల్ పోసే మూత పెట్టారో లేదో మాత్రం ఆపి చూడండి. రోజూ వస్తుంటే వాల్వ్ కవర్ గాస్కెట్ అయి ఉండవచ్చు, ఆలస్యం చెయ్యకుండా చూపించండి. రబ్బరు మాడిన వాసన, కీచుమని అరుపు వస్తే బెల్టు. చాలా బండ్లలో ఆ బెల్టే నీటి పంపునీ తిప్పుతుంది. తెగిందంటే బ్యాటరీ దీపం వెలుగుతుంది, వెనకాలే ఇంజను వేడెక్కుతుంది.

ప్లాస్టిక్ కాలుతున్న ఘాటు, నల్లటి పొగ, పెట్రోలు వాసన, వీటిల్లో ఏది వచ్చినా ఇంక పరిశోధనలు వద్దు. ఇంజను ఆపి, అందరినీ దింపి, వంద అడుగుల దూరం నడిపించి 911కి ఫోన్ చెయ్యండి. హుడ్ ఎత్తకండి. లోపలికి గాలి తగిలితే మంట భగ్గుమంటుంది. పాస్‌పోర్టులు, నగలు, చీరల సూట్‌కేసు ఏది లోపల ఉండిపోయినా వెనక్కి వెళ్ళనివ్వకండి. పెద్దవాళ్ళు తప్పకుండా వెళ్ళబోతారు, చెయ్యి పట్టుకోండి. ఎలక్ట్రిక్ కార్లకీ ఇదే వర్తిస్తుంది. వాటి బ్యాటరీ ఆరినట్టే ఆరి మళ్ళీ అంటుకోవచ్చు కనక ఇంకా దూరంగా ఉండండి.

ఇంకొక్క సంగతి. గరాజులో, డ్రైవ్‌వేలో కారిన కూలెంట్‌ని అలా వదిలెయ్యకండి. ఆ తీపికి కుక్కలు నాకుతాయి, పాకే పిల్లలు వేలు పెడతారు. కొద్దిగా లోపలికి వెళ్ళినా మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణానికే ముప్పు. ఇక్కడి తయారీదారులు 2012 డిసెంబరులో, అన్ని రాష్ట్రాల్లోనూ చేదు కలిపి అమ్ముతామని ఒప్పుకున్నారు. అయినా చేదు తగిలేలోపే గుటక పడవచ్చు. పిల్లులకి వాడే లిట్టర్ చల్లి, పీల్చుకున్నాక ఎత్తి మూటకట్టి, ఆ చోటు కడగండి. మిగిలిన డబ్బా పిల్లలకి అందని అలమరలో పెట్టండి. ఎవరైనా మింగారన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పాయిజన్ కంట్రోల్‌కి, 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. రాత్రయినా పగలయినా ఎత్తుతారు. ఈ నంబరు ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించుకోండి.

వచ్చే సంచికలో బ్రేకుల చప్పుళ్ళు.